డొల్ల అన్న మాట

ఇది ఒక మహాగాథ. నేల కింద ముప్పై ఏళ్లు కప్పుతో కొట్లాడిన వీరుడు, అతని తలలో తిరగబడిన కణాలు, కన్నీళ్లతో తండ్రి కాళ్ల మీద పడిన కొడుకు. నిజానికి అంత లేదు. కాళ్ల మీద పడాల్సింది నేనే, పడలేదు. జరిగిందల్లా ఒక ఆదివారం పొద్దున బాపు నెత్తి మీద నేను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టడం.

బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగి సపోర్టు పని చేసేవాడు. కప్పు కూలకుండా కింద దిమ్మెలు నిలబెట్టడం. ముందు పొడవాటి కడ్డీతో కప్పును కొట్టి వినాలి. ఖంగుమంటే పని మొదలుపెట్టొచ్చు. బొదబొదమంటే డొల్ల, అంటే ఏ క్షణమైనా కూలొచ్చు. ఆ మాట ఎవరి నోట వచ్చినా, నిన్న చేరినవాడైనా సరే, ఎందుకని అడగకుండా అందరూ బయటికి నడుస్తారు. బాయిలో ఎంత మోటు జోకైనా చెల్లుతుంది, ఆ మాట మీద మాత్రం జోకు లేదు. ఇది నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెలియదని చెప్పుకునే వీలుంటే ఎంత బాగుండేది.

రిటైరైన కొన్నేళ్లకు బాపుకు మతిమరుపు మొదలైంది. కూరగాయలకు పోయి సబ్బు తెచ్చేవాడు. దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు ఓపికగా చెప్పాడు: "మెదడులో కబుర్లు మోసే కణాలు కొన్ని. వాటికి తిండి అందించేవి, చెత్త ఊడ్చేవి, తీగలకు తొడుగు వేసేవి వేరే ఉంటాయి. సపోర్టు కణాలంటాం. వయసుతో అవీ మారతాయి. తొడుగు పలచబడుతుంది. ఊడ్చేవాటికి చిరాకెక్కి మంచివాటిని కూడా కొరుకుతాయి. కొంత అందరికీ ఉండేదే. మీది అంతేనా, ఇంకేమైనా ఉందా అన్నది పరీక్షలు చేస్తే తెలుస్తుంది."

బాపుకు ఒక్క మాటే వినిపించింది.

"సార్, నేను పెట్టిన సపోర్టు ఒక్కటి గూడ పడలె. గావాలంటె బాయిల అడుగుండ్రి."

నేను నవ్వు ఆపుకోవడానికి గోడ మీది టీకాల పట్టిక మొత్తం చదివాను.

ఇంత సరుకు దొరికాక ఊరుకుంటానా? ఆదివారం బాపుతో పనిచేసిన కాక ఇంటికొస్తే, ముచ్చటంతా గొంతులు మార్చి చెప్పాను. కాక పడీపడీ నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. అక్కడ ఆపొచ్చు. లేచి బాపు నెత్తిన టకటకా కొట్టి, చెవి ఆనించి, "కాకా, డొల్ల!" అన్నాను.

కాక నవ్వు ఆగింది. బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, మా ఇద్దరి రెక్కలు పట్టి లేపాడు.

"నడువుండ్రి. బయటికి నడువుండ్రి, జల్ది."

ముగ్గురం వాకిట్లో నిలబడ్డాం. అప్పుడు బాపుకు అర్థమైంది.

"నా నెత్తి గురించా అన్నది?"

బాపు తన నెత్తి తడిమి చూసుకున్నాడు.

"మరి దవాఖానెందుకింక? గంత డొల్లైనకాడ సపోర్టు పెట్టరు. ఇడిసిపెడ్తరు."

కాక నా వైపు తిరిగాడు. "అరేయ్, మీ బాపు గా మాట అనబట్టి నేను రెండుసార్లు బతికిన. నువ్వు నవ్వులాటకంటివా?"

నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు తయారుగా ఉంటుంది. అప్పుడూ ఉంది. నోట్లోనే ఉంచుకుని మింగాను, చేదుగా ఉంది.

"అబద్ధం బాపూ. నాకేం వినిపియ్యలే. ఊకెనే అన్న."

"ఇనకుండనే చెప్పినవా?"

"అవ్."

బాపు నన్ను చూశాడు. కొడుకుని చూసినట్టు కాదు, పక్కన పనికి పెట్టుకోకూడని మనిషిని చూసినట్టు. తిట్టుంటే నాకు సుఖంగా ఉండేది.

"గట్లెవడన్న చెప్తడారా?" అని, కాకతో అన్నాడు: "మల్ల కొట్టి సూపియ్యాలె. తెలిసినోనితోని. నువ్వు రా నాతోటి, వీడొద్దు."

ఆ పరీక్షలు చేసే నరాల డాక్టరు దవాఖానకు మంగళవారం ఒక్కరోజే వస్తాడు. చీటీలు పదింటికే బంద్ చేస్తారు. ఆ సంగతి మాత్రం, జోకు కలపకుండా, కాకకు చెప్పాను.