ఇల్లు పోయిందనుకుంది

రిటైరయ్యాక వ్యాన్‌లో మంచం, స్టవ్వు పెట్టించుకుని, మావారూ నేనూ ఈ చలికాలమంతా సముద్రం పక్కనే నెమ్మదిగా తిరిగాం. భోగాపురం దగ్గర ఒక పల్లెలో పొద్దున్నే వ్యాన్ పక్కన అన్నం వారుస్తుంటే, చేపలమ్మే ఒకామె గంప దించి లోపలికి తొంగి చూసింది.

"తుపానుకి ఇల్లు పోనాదేటమ్మా?" అంది. నేను జవాబు చెప్పేలోపే, "మాదీ అలాగే పోనాది. నెల్రోజులు బడిలోనే తొంగున్నాం. ఇప్పుడు మా వసారా కాళీగానే ఉన్నాది, వచ్చీండి" అంటూ నాలుగు చేపలు నా గిన్నెలో వేసింది.

హైదరాబాదులో మాకు మూడు పడగ్గదుల ఇల్లుంది. ముక్కూమొహం తెలియనివాళ్లను అందులో ఒక్క పూటైనా ఉండమన్న గుర్తు లేదు. మావారు ఏదో చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మాకు ఇల్లుందని ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు.