మా వంశవృక్షంలో నేను రాయని పేరు

దయ్యాలు, ఆత్మలు అన్న మాట ఎవరైనా ఎత్తితే మా స్టాఫ్‌రూములో అందరికంటే ముందు నవ్వేది నేనే. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. స్టెప్పులు చూపించకుండా జవాబు రాస్తే అర మార్కు కూడా వెయ్యను. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే మిమ్మల్ని నమ్మించాలని కాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. తప్పెక్కడుందో మీరైనా పట్టుకుంటారేమోనని.

మాది ఇప్పుడు లేని ఊరు. స్టీల్ ప్లాంటు కోసం ఖాళీ చేయించిన ఊళ్లలో అదొకటి. పొలం పోయింది, నాన్నకి ప్లాంటులో ఉద్యోగం వచ్చింది, చుట్టాలు తలో దిక్కుకీ చెదిరిపోయారు. నాన్న రిటైరయ్యాక మద్దిలపాలెంలో మా ఇంట్లోనే ఉంటున్నారు. ఐదేళ్ల కిందట ఒకసారి ఆయన్ని మా ముత్తాత పేరేమిటని అడిగాను. చాలాసేపు ఆలోచించి, తెలీదమ్మా అన్నారు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. ఆ రోజు పట్టుకున్న పిచ్చి ఇది.

ఆదివారం వస్తే చాలు, గాజువాక చుట్టుపక్కల కాలనీలన్నీ తిరిగేదాన్ని. ముసలివాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేశాను. పాత శుభలేఖలు, పట్టా కాగితాలు, చెదలు తిన్న ఫొటోలు పోగేశాను. ఆదివారం వంట తన నెత్తిన పడిందని మా ఆయన సణుగుడు సరేసరి. సింహాచలం అప్పన్న మా ఇలవేల్పు, అందుకని తరానికో అప్పలనర్సయ్య ఉన్నాడు. ఐదుగురు అప్పలనర్సయ్యల్ని విడదీసేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. రంగూన్ వెళ్లి తిరిగిరాని పెదతాతగారి మనవడు ఫోన్లో దొరికిన రోజున ఇంట్లో పాయసం చేశాను.

అన్నిటికంటే ఎక్కువ గర్వపడింది మాత్రం ఆడవాళ్ల పేర్ల గురించి. మామూలుగా వంశవృక్షమంటే మగవాళ్ల పేర్లే కదా. నేను పట్టుబట్టి ప్రతి కోడలి పేరూ, ప్రతి ఆడపడుచు పేరూ, పసితనంలోనే పోయిన ఆడపిల్లల పేర్లూ వెతికి రాశాను. ఒక్కరిని కూడా వదల్లేదని కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను.

ఇక నేస్తమ్మ సంగతి చెప్పాలి.

మా వైపు నేస్తం కట్టుకోవడమని ఒక ఆచారం ఉండేది. ఇద్దరు ఆడపిల్లలు స్నేహితులైతే, పెద్దల ముందు చీరలు మార్చుకుని, మిఠాయి తినిపించుకుని నేస్తం కట్టుకుంటారు. ఇక అప్పట్నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, చచ్చేదాకా ‘నేస్తం’ అనే పిలవాలి. మా నాన్నమ్మ అప్పయ్యమ్మది సేద్యం చేసే ఇల్లు. ఆవిడ నేస్తానిది పక్కనే సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లె. కులం వేరు, ఇల్లు వేరు. ఇద్దరూ ఒకే జాతరలో, ఒకే రోజున ఎడమ మణికట్టు మీద తేలు పచ్చబొట్టు పొడిపించుకున్నారట. నాన్న ఆవిడని నేస్తమ్మ అనేవారు, మేమూ అలాగే పిలిచాం. నాన్నమ్మ పోయినప్పుడు రక్తసంబంధీకులతో సమానంగా ఆవిడ పదిరోజులూ మైల పట్టింది.

తర్వాత ఆవిడ భీమిలి వైపు కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఏడాదికోసారి, ఎనభై దాటాక కూడా, తగరపువలసలో బస్సెక్కి ఎండుచేపల సంచితో మా ఇంటికి వచ్చేది. ఆ ముసలితనంలో సంచి మోసుకుని రావద్దంటే వినేది కాదు.

కిందటి వేసవిలో వచ్చినప్పుడు నేను నేలమీద చార్టు పరుచుకుని కూర్చుని ఉన్నాను. ఆవిడ పక్కనే చతికిలబడి చాలాసేపు చూసింది. ఆవిడకి చదువు రాదు. “మీ నాన్నమ్మ ఏదమ్మా ఇందులో?” అంది. చూపించాను. ఆ గడి మీద వేలుంచి, “మరి నానేటి? దాని పక్కన నన్ను రాయనేదా?” అని అడిగింది.

నేను లెక్కల టీచర్ని కదా! పుట్టుక, పెళ్లి, ఈ రెండు గీతలే ఉంటాయి నేస్తమ్మా, నువ్వు మన ఇంటిపేరు కాదు కదా అని నచ్చజెప్పాను. ఓపిగ్గానే చెప్పాననుకుంటున్నాను.

“ఓలమ్మా, అలాగేటి! సర్లే. పోనీ ఆ ఫోన్ల గ్రూపులో మా పిల్ల నెంబరు పెట్టీయమ్మా. సావూ బతుకూ తెలుస్తాది” అంది.

ఆ వాట్సాప్ గ్రూపు నేను చార్టు చూసి తయారు చేసిందే. చార్టులో లేనివాళ్లని గ్రూపులో ఎలా చేరుస్తాను? చూద్దాంలే అన్నాను. ఆవిడ మళ్లీ అడగలేదు. వెళ్లేటప్పుడు బస్సెక్కించడానికి నేను వెళ్లలేదు, నాన్నే వెళ్లారు. ఆ గీతలు సరిచేసుకుంటూ కూర్చున్నాను.

ఈ ఏడాది నాన్న డెబ్బయ్యో పుట్టినరోజుకి చుట్టాలందర్నీ గాజువాకలో ఒక ఫంక్షన్ హాలుకి పిలిచాం. వంశవృక్షాన్ని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి కట్టాలని నా ఆశ. సెకండ్ శాటర్డే నాడు పొద్దున్న పదకొండు గంటలకి పెన్‌డ్రైవ్ తీసుకుని ఇంటి దగ్గరి షాపుకి వెళ్లాను. ఒక్కదాన్నే వెళ్లాను, ఇది గుర్తుపెట్టుకోండి. డిజైన్ చేసే అతను ముప్పై ఏళ్లవాడు, నెమ్మదస్థుడు. అతని పక్కన కూర్చుని గడి గడి సరిచూశాను. మధ్యలో రెండుసార్లు వంటవాళ్ల నుంచి ఫోనొచ్చింది, అక్కడే కూర్చుని మాట్లాడాను. చివరికి చిన్న కాగితం మీద ప్రూఫ్ తీసి ఇచ్చాడు. ఓకే అని సంతకం పెట్టి వచ్చేశాను.

ఫంక్షన్ ముందురోజు సాయంత్రం చుట్టచుట్టిన ఫ్లెక్సీ ఇంటికి వచ్చింది. విప్పకుండా అలాగే తీసుకెళ్లాం. హాల్లో కట్టాక దూరంగా నిలబడి చూసుకుంటే కడుపు నిండిపోయింది. అప్పుడు కనిపించింది.

నాన్నమ్మ గడి పక్కన ఇంకో గడి ఉంది. అదే సైజు, అదే రంగు. రెండిటికీ మధ్య ఒక గీత. గడిలో ‘నూకరత్నం’ అని ఉంది, కింద చిన్న అక్షరాల్లో ‘నేస్తం’ అని.

నూకరత్నమనే పేరు నేనెప్పుడూ వినలేదు. నాలుగువందల పైచిలుకు పేర్లు నోటికొచ్చు నాకు, అందులో ఈ పేరు లేదు.

ఈలోగా నాన్న వచ్చి కళ్లజోడు సర్దుకుని చదివారు. “నూకరత్నమా? ఇన్నేళ్లూ నాకూ తెలీదమ్మా ఆవిడ పేరు. మా అమ్మ నోటెంట ఎప్పుడూ నేస్తమే” అన్నారు. నా భుజం మీద చెయ్యి వేశారు. “నేస్తమ్మని మర్సిపోనేదు సూడు. మంచి పని సేసినావు తల్లీ.” ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

అది రాసింది నేను కాదని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. చుట్టూ అందరూ మెచ్చుకుంటుంటే నవ్వుతూ నిలబడ్డాను. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ అదే జరిగింది.

మర్నాడు స్కూలు నుంచి నేరుగా షాపుకెళ్లి అతని మీద ఇంతెత్తున లేచాను. నా ఫైలుని ఎవరు ముట్టుకున్నారని అడిగాను. అతను తెల్లబోయాడు.

“మీ పక్కన కూకున్న మామ్మగారే కదా మేడమ్ సెప్పినాది. మీరు ఫోన్ మాటాడతన్నారు. ఇక్కడ ఎయ్యి బాబూ అని సెయ్యి స్క్రీన్ మీద పెట్టి సూపించినాది. మీ మామ్మగారే అనుకున్నాను.”

ఎలా ఉందా మామ్మ అని అడిగాను. పొట్టిగా, నల్లగా ఉందన్నాడు. స్క్రీన్ మీద పెట్టిన చెయ్యి మాత్రం బాగా గుర్తుందట. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు.

ప్రూఫ్ చూపించమన్నాను. ఫైలులోంచి తీసి ఇచ్చాడు. ఆ గడి ప్రూఫ్‌లోనే ఉంది. కింద నా సంతకం, నా చేతిరాతే. గడి గడి చూసి పెట్టిన సంతకం అది. ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే అందులో నాన్నమ్మ పక్కన ఏమీ లేదు.

అయితే నేస్తమ్మ నిజంగానే వచ్చి ఉంటుందని, ఫోన్ గొడవలో నేను చూసుకోలేదని అనుకున్నాను. తొంభైకి దగ్గరపడిన మనిషి ఒక్కతే వచ్చి, నన్ను పలకరించకుండా వెళ్లిపోయిందా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ ఆదివారమే తగరపువలస బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో వాళ్ల పల్లెకి వెళ్లాను. వెంట ఒక చీర, మిఠాయి పట్టుకెళ్లాను.

కూతురు గుమ్మంలో వల బాగుచేస్తోంది. నన్ను చూసి లేచింది. సంచిలోని చీర చూసి ఏడ్చేసింది.

“అమ్మ పోనాదమ్మా. మీ నాన్నగారి నెంబరు మారిపోనాది, ఎవుర్ని అడగాల? మీవోళ్లకి కబురెట్టమని, మైల ఉంటాదని సచ్చేముందు దాకా అన్నాది.”

ఎప్పుడని అడిగాను. చెప్పింది. వేళ్ల మీద లెక్కపెట్టాను, నమ్మకం చాలక ఫోన్లో క్యాలెండరు తీసి చూశాను. నేను ఫ్లెక్సీ షాపులో కూర్చున్న శనివారానికి ఆవిడ పోయి పదకొండో రోజు. ఆ పొద్దున్న వీళ్లంతా ఇక్కడ దినం చేస్తున్నారు.

అమ్మ పేరేమిటని అడిగాను. “ఇన్నాళ్లూ తెలీదేటి మీకు?” అంటూ లోపలికెళ్లి ఆధార్ కార్డు తెచ్చింది. నూకరత్నం. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రంగూన్ దాకా పేర్ల కోసం వెతికాను. నా ఇంట్లో, నా పక్కన కూర్చున్న మనిషిని నీ పేరేమిటని ఒక్కసారి అడగలేదు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన నేరుగా బాత్రూములోకి వెళ్లి, కట్టుబట్టలతోనే తలమీద నీళ్లు పోసుకున్నారు. “మా అమ్మకి పదిరోజులు పట్టినాదమ్మా ఆవిడ. మనం ఒక్క చెంబు నీళ్లు కూడా పోసుకోనేదు” అన్నారు తడిబట్టల్లోనే నిలబడి. తర్వాత నేనూ వెళ్లి పోసుకున్నాను. ఆలస్యమైనా ఇంకేం చెయ్యగలం?

కూతురి నెంబరు ఆ రోజే గ్రూపులో చేర్చాను. ఆవిడ అందులో ఇంతవరకూ ఏమీ రాయలేదు.

వేరే ముసలావిడెవరో షాపుకొచ్చి ఉంటుందని మా ఆయన అంటారు. కావచ్చు. కానీ ఆ పేరు ఆవిడకెలా తెలిసిందో, ఆ సంతకం నేనెలా పెట్టానో ఆయనా చెప్పలేకపోయారు. ప్రూఫ్ కాగితం నా బీరువాలోనే ఉంది. అప్పుడప్పుడూ తీసి చూస్తాను, ఏ స్టెప్పు దగ్గర తప్పానో ఇప్పటికీ దొరకలేదు.

ఫ్లెక్సీ మా హాల్లో కట్టి ఉంది. ఎవరొచ్చినా నాన్న ముందు ఆ గడి దగ్గరికే తీసుకెళ్లి, “మా అమ్మాయి ఎవుర్నీ వొదల్నేదు, నేస్తమ్మని కూడా రాసినాది” అని చెప్తారు. నేను కాఫీ కలిపే వంకతో వంటింట్లోకి వెళ్లిపోతాను.