గాజులడిగిన అమ్మోరు

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మాది ఉద్దానంలో చిన్న పల్లె. అన్నయ్య టెక్కలి సంత నుంచి కొత్తగా కాపురానికొచ్చిన వదినకు మాత్రమే గాజులు తెచ్చాడని నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మోరి పండగనాడు డప్పులు మోగుతుంటే జుట్టు విరబోసుకుని, పూనకం వచ్చినట్టు ఊగిపోయాను.

"దీనికి గాజులేటి! ఈ కోడలు ఇంటికి అరిష్టం, పుట్టింటికి అంపీండి!"

అందరూ నా కాళ్ళమీద పసుపునీళ్ళు పోశారు. నాన్న నిజంగానే వదిన పుట్టినూరు నందిగాంకి బండి కట్టమన్నాడు. వదిన ఏడుస్తూ బట్టలు మూటగట్టుకుంటుంటే నేను గుమ్మం చాటుకి తప్పుకున్నాను.

ఏటేటా అమ్మోరు పూనేది మా నాయనమ్మకే. ఆవిడ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"నా మీదకి ఇన్నేళ్ళుగా వత్తంది అమ్మోరు. ఒక్కపాలీ గాజుల ఊసెత్తనేదే గుంటా!"

తల దించుకున్నాను. "ఏదో అలా అనిపించేసింది. నువ్వే నాన్నకి సెప్పు మామ్మా."

"బుర్ర నీది, మాటా నీదే. నానెందుకు సెప్తాను?"

బండికి అడ్డంగా నిలబడి, "అమ్మోరు కాదు నాన్నా, అన్నది నానే," అని ఊరంతా వినేలా చెప్పాను. నాన్న చెయ్యెత్తాడు. అడ్డొచ్చింది వదినే.

ఇప్పుడు నా మనవరాళ్ళు "ఏదో అలా అనిపించింది" అంటే నేను వదలను. "ఎవరికి అనిపించిందే?" అని అడుగుతాను.