అవ్వ గుండుకు టోపీ

1979 జూలై 15, ఆదివారం, ఉదయం ఏడుంబావుకు తిరువళ్ళూరులో రైలెక్కాను. నేను దిగవలసింది అరక్కోణంలో. ఎదుటి బల్ల మీద తల్లి పక్కన కూర్చుని, ఏడేళ్ళ పిల్ల పాతచీర ముక్కతో టోపీ కుడుతోంది.

"ఎవరికమ్మా?" అన్నాను.

"మా అవ్వకు. తిరుత్తణిలో గుండు మొక్కు ఉందని ముందు బండికే పోయింది. తలకు ఎండ తగలకూడదని కుడతాండా."

"కొలత ఎప్పుడు తీసినావు?"

"రాత్రి అవ్వ నిద్రపోతాంటే, దారంతో."

"కొప్పుతో కలిపేనా? అయితే గుండు మీద ముక్కుదాకా జారతాది."

పిల్ల చేతులు ఆగాయి. తల్లి నవ్వింది. "ఉండనీ పాపా, ఎట్లున్నా అవ్వ పెట్టుకుంటాది."

"పెట్టుకుంటాది. చూసినోళ్ళు నగుతారు" అంటూ పిల్ల కుట్టంతా పళ్ళతో తెంపేసింది. లేచి, నా పక్కనున్న బోడితల పెద్దాయన ముందు నిలబడింది.

"తాతా, రోంత తల వంచు. కదలొద్దు."

"నాకే పెట్టేస్తావా ఏందే?" అంటూనే ఆయన వంచాడు.

రైలు ఊగినప్పుడల్లా సూది వేలికి గుచ్చుకుంటున్నా పిల్ల ఆపలేదు. గుడ్డ జారకుండా నేను రెండు చేతులా పట్టుకున్నాను. చివరి ముడి పడేసరికి తిరుత్తణి వచ్చింది. టోపీ గుండెకు హత్తుకుని పిల్ల జనంలోకి పరుగెత్తింది.

ఆ రోజు నాకు పోయినవి: దిగవలసిన అరక్కోణం, అక్కడ అందుకోవలసిన బండి, మధ్యాహ్నం భోజనం. ఆ టోపీని అవ్వ తల మీద చూడలేకపోయాను, దానితో నాలుగు.