దడుపు గిన్నె నీళ్ళు

బద్రియాకు చక్కెర జబ్బు ఉందని వీధిలో ఎవరికీ తెలియదు. ఆమె కాల్చిన రొట్టె తినని ఇల్లు మాత్రం బస్రాలోని ఆ వీధిలో లేదు. తెల్లారకముందే పెరట్లో మట్టి తందూరు రాజేసి, మోచేతి దాకా సెగలోకి పోనిచ్చి రొట్టెను గోడకు చరుస్తూ, వచ్చినవాళ్ళందరికీ తలా ఒక మాట అంటించి పంపగల మనిషి. కానీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పిండి బస్తాల గదిలోకి పోయి గడియ పెట్టుకునేది.

"ఏం దాచావే ఉమ్మ్ రిహాబ్ ఆ గదిలో, బంగారమా?" అని పక్కింటి ఉమ్మ్ కర్రార్ వేళాకోళమాడేది. ఉమ్మ్ అంటే అమ్మ; అక్కడ ఆడవాళ్ళను బిడ్డ పేరుతోనే పిలుస్తారు.

"నీ మొగుణ్ణి దాచాను. కావాలంటే వచ్చి తీసుకుపో" అని లోపలి నుంచే జవాబిచ్చి, పొట్టలో సూది దించుకుని, చిరునవ్వుతో బయటికొచ్చేది.

దాచమన్నది అత్తగారు తస్వాహిన్. పెళ్ళయిన కొత్తలో బద్రియా కళ్ళు తిరిగి పడిపోతే, ఆసుపత్రిలో జబ్బు పేరు చెప్పిన రోజే ముసలామె కోడలి గడ్డం పట్టుకుని అంది: "చూడమ్మా, ఈ మాట మన గడప దాటకూడదు. రేపు నీ కడుపున ఆడపిల్ల పుడితే, సూదుల ఇంటి పిల్లని దాని మొహం ఎవడు చూస్తాడు? అడిగినవాళ్ళకి బీపీ అని చెప్పు. బీపీ లేనిదెవరికి?"

ఆమె చెడ్డ మనిషి కాదు. వేసవిలో కరెంటు పోయి ఫ్రిజ్ ఉత్త పెట్టెలా పడివుంటే, నీళ్ళ జాడీ కింద తడి ఇసుకలో కోడలి మందు సీసాలు పాతిపెట్టి, పూటపూటా ఇసుక తడిపింది ఆమే. తన మోకాళ్ళు సహకరించకపోయినా ఆ పని ఇంకొకరికి వదల్లేదు. కోడలి ప్రాణం కాపాడింది, కోడలి నోరూ కట్టేసింది. రెండూ ప్రేమతోనే చేసింది.

చక్కెర జబ్బు ఎలా వస్తుందో ఆ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. దడుపు వల్ల వస్తుంది. బాంబు పేలినప్పుడో, చావు కబురు విన్నప్పుడో గుండె జారి నెత్తురులో కలుస్తుందంటారు. అందుకే పాత ఇళ్ళలో ఇత్తడి దడుపు గిన్నె ఒకటి ఉంటుంది, లోపలంతా దేవుడి వాక్యాలు చెక్కి. రాత్రి ఆరుబయట అందులో నీళ్ళు పోసి ఉంచి, తెల్లారి పరగడుపున తాగిస్తే దడుపు దిగిపోవాలి. బద్రియా వాళ్ళన్న సబ్రీకి కూడా తాగించారు. అప్పటికి వాడింకా బడి పిల్లాడు. మంచం మీద పడుకునే, ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చినవాడిలా రొప్పాడు. రొప్పి రొప్పి ఒక మధ్యాహ్నం ఆగిపోయాడు. దడుచుకుని పోయాడన్నారు. వాడు దేనితో పోయాడో, తనకూ అదే వచ్చాక గానీ బద్రియాకు తెలియలేదు. తెలిశాక ఆ ఎరుకను కూడా పిండి గదిలోనే దాచుకుంది.

ఆ ఏడు ఆగస్టులో నదిలోకి సముద్రం ఎక్కింది. కొళాయి తిప్పితే పచ్చటి ఉప్పునీళ్ళు, చచ్చిన చేప వాసన. ఊరి చుట్టూ చమురు బావుల మంటలు రాత్రింబగళ్ళు ఆకాశాన్ని కాలుస్తూనే ఉన్నాయి. ఎక్కడెక్కడి దేశాల బళ్ళు ఆ చమురుతో నడుస్తాయి. ఆ చమురు మీద కాపురముంటున్న పిల్లలకు మాత్రం గుక్కెడు మంచినీళ్ళు లేవు. ఏలినవాళ్ళు టీవీలో కూర్చుని, జనం నీళ్ళు కాచుకోవడం నేర్చుకోవాలన్నారు. కాచితే పురుగు చస్తుంది గానీ ఉప్పు చస్తుందా? అడిగినవాళ్ళను లాఠీలతో అడిగారు.

ముందు తస్వాహిన్ పడింది. వాంతులు, విరేచనాలు. ఆమె లేచి గోడ పట్టుకుని నడిచేలోగా బద్రియా మొగుడు గానిమ్ పడ్డాడు. శుద్ధి చేసిన నీళ్ళ ట్యాంకరు నడిపి వీధి వీధికీ మంచినీళ్ళు పోసేవాడు, ఇంట్లో కొళాయి నీళ్ళు తాగి మంచమెక్కాడు. బద్రియా ఒక చేత్తో అత్తగారి బట్టలు ఉతికింది, ఇంకో చేత్తో మొగుడికి ఎండు నిమ్మకాయ కషాయం పట్టింది. మధ్యలో తన సూది మరిచిపోయి, గుర్తొచ్చి, పిండి గదిలోకి పరుగెత్తింది. నేను పడితే వీళ్ళను లేపేదెవరు? ఆ ఒక్క భయమే ఆమెను నిలబెట్టింది.

ఇంకో భయం ఉంది. దాన్ని ఆమె తనకు తానే చెప్పుకోలేదు.

రిహాబ్‌కు పదో ఏడు నడుస్తోంది. ఒక్కతే కూతురు. కొన్నాళ్ళుగా ఆ పిల్ల నీళ్ళు తాగుతోంది. తాగి, లేచి పోయి, వచ్చి మళ్ళీ తాగుతోంది. ఎండలనుకున్నారు. గౌను భుజాల మీద నిలవడం లేదు. ఎదుగుతోందనుకున్నారు. ఒక ఉదయం పెరట్లో పాయఖానా గచ్చు మీద, పిల్ల వెళ్ళొచ్చిన చోట, చీమలు బారులు తీరి కనిపించాయి. బద్రియా కాసేపు నిలబడి చూసింది. తర్వాత బకెట్టుతో నీళ్ళు కొట్టి కడిగేసింది. మర్నాడూ కడిగింది. ఎవరూ చూడకముందే రోజూ కడిగింది.

గానిమ్ ఇంకా మంచం దిగకముందే రిహాబ్ వాంతి చేసుకుంది.

"నీళ్ళ జబ్బే. ఇల్లంతా అయింది, ఇప్పుడు దీని వంతు" అంది తస్వాహిన్. "మొన్న జనరేటరు పేలినప్పుడు దడుచుకుంది కూడా. నేను చూశాగా, మొహం తెల్లబోయింది." గిన్నె తెచ్చి నీళ్ళు తాగించింది. నీరసం తగ్గాలని అందులో ఖర్జూరపు పాకం కలిపింది. పిల్ల ఆబగా తాగి, ఇంకా అడిగింది. బద్రియా చూస్తూ నిలబడింది. ఆమె చేతిసంచిలోనే ఉంది చక్కెర చూసుకునే మీటరు. తీసి వేలు గుచ్చితే క్షణంలో తేలిపోతుంది. తేలకపోతేనే బాగుండుననిపించింది. చూడనంత సేపూ అది నీళ్ళ జబ్బే.

మర్నాడు పొద్దెక్కేసరికి పిల్ల మాట తడబడింది. అత్తాకోడళ్ళు టాక్సీ పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడ ఊరు ఊరంతా ఉంది. మంచాలు చాలక నడవాలో దుప్పట్లు పరిచారు. అబాయాల నల్లటి పైబట్టలు నడుముకు చుట్టుకున్న తల్లులు, చేతుల్లో పిల్లలు, గోడ మేకులకు సెలైన్ సీసాలు. పక్క దుప్పటి మీద ఉమ్మ్ కర్రార్, ఒళ్ళో కొడుకు.

"నువ్వూ వచ్చావా ఉమ్మ్ రిహాబ్? రా, కూర్చో. వీధి మొత్తం ఇక్కడే ఉంది. ఇక తందూరు కూడా ఇక్కడికే పట్రా" అంది ఆమె, నవ్వబోయి నవ్వలేక.

డాక్టరమ్మ చిన్నది, కళ్ళు గుంటలు పడ్డాయి. పేరు హుదా అని కోటు మీద కుట్టి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని రిహాబ్ పొట్ట నొక్కుతూ, వచ్చినవాళ్ళందరినీ అడిగే ప్రశ్నలే గబగబా అడిగింది. వాంతులెప్పట్నుంచి? ఏ నీళ్ళు తాగింది? ఆస్తమా ఉందా? "ఇంట్లో ఎవరికైనా చక్కెర జబ్బుందా?"

నడవాలో అందరూ వింటున్నారు. ఉమ్మ్ కర్రార్ అయితే మెడ సాచి మరీ వింటోంది.

"అల్లా కాపాడుగాక! మా వంశంలో అలాంటివి లేవు తల్లీ. శుభ్రమైన ఇల్లు మాది" అంది తస్వాహిన్.

డాక్టరమ్మ తల్లి వైపు చూసింది. బద్రియా నోరు తెరిచింది. అత్తగారి వేళ్ళు వెనక నుంచి ఆమె అబాయాను గట్టిగా పట్టుకున్నాయి. బద్రియా తలదించుకుంది.

"సరే, ఇదీ నీళ్ళదే" అని డాక్టరమ్మ లేచి పక్క దుప్పటికి జరిగింది. నర్సు వచ్చి అందరు పిల్లలకూ పెట్టినట్టే ఒక సీసా తగిలించింది.

సీసా మీద ఏముందో బద్రియా చదవగలదు. ఏళ్ళ తరబడి తనకు వద్దు వద్దని చెప్పిన పదం అది. చక్కెర నీళ్ళు.

ఒక్కో చుక్కా గొట్టంలోకి జారి, పిల్ల ముంజేతిలోకి దిగుతోంది. నీళ్ళ జబ్బే అయితే ఇది బలం. అది కాకపోతే? కాదు, నీళ్ళ జబ్బే. ఇంతమంది పిల్లలకు అదే కదా, నా పిల్లకు మాత్రం వేరే ఎందుకవుతుంది? ఆమె చుక్కల్ని చూస్తూ కూర్చుంది. సీసా సగానికి వచ్చింది.

అప్పుడు రిహాబ్ రొప్పడం మొదలుపెట్టింది.

కదలకుండా పడుకున్న పిల్ల, పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది. పక్కటెముకలు పైకి లేచి కిందికి పడుతున్నాయి. బద్రియా వంగి పిల్ల మూతి తుడవబోయింది. ఊపిరిలోంచి మురిగిన పండ్ల వాసన కొట్టింది. సబ్రీ పక్క మీద కూడా ఇదే వాసన. ఆ రోజు అమ్మ, ఖర్జూరాలు ఎక్కడో కుళ్ళాయని ఇల్లంతా వెతికింది.

బద్రియా సంచి దులిపింది. మీటరు, సూది, నెత్తురు అంటించే పుల్లలు దుప్పటి మీద పడ్డాయి.

"ఒసే, అందరి ముందా! లోపల పెట్టు" అని తస్వాహిన్ పళ్ళ మధ్య నుంచి బుసకొట్టింది. "పిల్ల బతుకు బజారున పడేస్తావా?"

"ముందు బతకనీ అత్తమ్మా."

గొట్టం లేని చేతి వేలు తుడిచి గుచ్చింది. నెత్తురు చుక్క పుల్లకు అంటింది. మీటరులో అంకె రాలేదు. అంకెలకు అందనంత ఎక్కువైతే వచ్చే రెండక్షరాలు వచ్చాయి.

బద్రియా చేసిన మొదటి పని గొట్టం మీది చక్రాన్ని తిప్పి చుక్కల్ని ఆపడం. రెండోది అరవడం. తందూరు సెగలో నుంచి వీధి చివరికి వినిపించే గొంతు అది.

"డాక్టరమ్మా! అబద్ధం చెప్పాం! నాకు చక్కెర జబ్బుంది. పన్నెండేళ్ళుగా సూదులు పొడుచుకుంటున్నా. మా అన్న దాంతోనే చచ్చిపోయాడు. నా పిల్లకూ అదే వచ్చింది. రామ్మా, రా!"

నడవాలో తలలన్నీ ఇటు తిరిగాయి. డాక్టరమ్మ దుప్పట్లు దాటుకుంటూ వచ్చింది. మీటరు చూసింది, పిల్ల ఊపిరి వాసన చూసింది, తల్లి వైపు కళ్ళు ఎత్తి చూసింది.

"నేను అడిగినప్పుడు చెప్పొచ్చుగా!"

"భయమేసింది తల్లీ."

"దేనికి?"

బద్రియా కళ్ళు నడవా పొడుగునా ఉన్న మనుషుల వైపు తిరిగాయి. డాక్టరమ్మ సీసా పీకించి ఉప్పు సెలైన్ పెట్టించి, మందు కోసం నర్సును పరుగెత్తించింది. నర్సు వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఇన్సులిన్ అయిపోయిందట, బండి రావాలట. లారీలకు లారీల చమురు బయటికి పోయే ఊరికి ఒక మందు సీసా రావడానికి బండి రావాలి.

బద్రియా సంచి అడుగు నుంచి తడిగుడ్డ చుట్టిన డబ్బా తీసింది. "నాదుంది. నీళ్ళలా తేటగా ఉండి త్వరగా పనిచేసేదే. పనికొస్తుందా?"

డాక్టరమ్మ సీసాను వెలుతురుకు పట్టి చూసింది. "వస్తుంది. మరి నీకు?"

"మా ఆయన మంచం దిగి వెతుకుతాడు. దిగకపోతే దింపుతా. ముందు దానికి పెట్టు."

ఆ తర్వాత ఏమీ చేయడానికి లేదు. అదే అన్నిటికన్నా భయంగా ఉంది. రిహాబ్ రొప్పుతూనే ఉంది. బద్రియా పిల్ల పక్కటెముకల మీద అరచెయ్యి వేసి, ఆగిపోతుందేమోనని ఒక్కో శ్వాసనూ చేత్తో పట్టుకున్నట్టు కూర్చుంది. తస్వాహిన్ గోడవైపు తిరిగి జపమాల తిప్పుతోంది. కోడలి వైపు చూడలేదు. కాసేపటికి గోడతోనే అంది: "నాదే తప్పు. నేనేగా పాకం కలిపి తాగించింది."

"గొట్టం చూస్తూ కూర్చుంది నేను అత్తమ్మా" అంది బద్రియా.

ఉమ్మ్ కర్రార్ మోకాళ్ళ మీద జరిగి దగ్గరికొచ్చింది. ఏం దెప్పుతుందోనని బద్రియా వీపు బిగుసుకుంది.

"ఇన్నేళ్ళు నా పక్కింట్లో ఉండి నాకు చెప్పలేదే నువ్వు, దొంగదానా" అంది ఉమ్మ్ కర్రార్. కళ్ళల్లో నీళ్ళు. తర్వాత గొంతు తగ్గించి, కొడుకు చెయ్యి ముందుకు చాపింది. "వీడు కూడా నీళ్ళు తెగ తాగుతున్నాడే. చూడవా ఒక్కసారి?"

చూసింది. మామూలుగానే ఉంది. ఉమ్మ్ కర్రార్ కొడుకు వేలిని ముద్దుపెట్టుకుంది. అవతలి దుప్పటి నుంచి ఇంకొకామె పిల్లను ఎత్తుకుని లేచింది, ఆ వెనక మరొకామె. పుల్లలు అందరికీ చాలవు. పిల్లకు కావాలి, తనకు కావాలి. "నా దగ్గర లేవమ్మా, డాక్టరమ్మనడగండి, వదలకుండా అడగండి" అని చెప్పింది బద్రియా. వాళ్ళు అడిగారు. నడవా అంతా లేచి అడిగింది. విసుక్కుంటూనే ఎవరో తాళాలు పట్టుకుని మందుల గది వైపు నడిచారు.

ఎండ కిటికీ దిగే వేళకు రొప్పు నెమ్మదించింది. డాక్టరమ్మ వచ్చి, "మళ్ళీ చూడు" అంది. బద్రియా వేలు గుచ్చింది. ఈసారి మీటరులో అంకె పడింది. అదే అంకె తనకు వస్తే ఇల్లంతా ఎగిరిపడేది. డాక్టరమ్మ మాత్రం తలూపి, "దిగుతోంది. ఈ రాత్రి గడవాలి, ఇంకా చెప్పలేను" అంది.

రిహాబ్ చెయ్యి వెనక్కి లాక్కుంది. పొద్దుట్నుంచి ఆ పిల్ల చేసిన మొదటి పని అది.

"నొప్పమ్మా" అంది కళ్ళు సగం తెరిచి. "రేపు కూడా గుచ్చుతావా?"

లేదు బంగారం అనే మాట బద్రియా నాలుక చివరికి అలవాటుగా వచ్చింది. తస్వాహిన్ జపమాల ఆపి వింటోంది.

"గుచ్చుతా" అంది బద్రియా. "రేపు కూడా. ముందు నా వేలు గుచ్చుకుంటా, తర్వాత నీది. చూస్తూ ఉండు."