పొట్టు గుట్ట మీద ఈత

నిన్న పొద్దున ఇటుక బట్టీల పక్కన మా బస్సు కాసేపు ఆగింది. బట్టీలో వేరుశెనగ పొట్టు కాలుతున్న వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. పక్క సీటు పెద్దాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం ఆ వాసనను గుండెల నిండా పీల్చి, ఒక తుమ్ము తుమ్మి, నాలో నేనే నవ్వుకున్నాను. పొట్టు వాసన తగిలితే చాలు, నాకు రంగయ్యశెట్టి కనపడతాడు. పంచె మోకాళ్ల పైకి దోపుకుని, మిల్లు వెనక పొట్టు గుట్ట మీద బోర్లా పడుకుని, కాళ్లూ చేతులూ ఆడిస్తూ, "ఏమప్పా, ముందుకు పోతాండానా లేదా?" అని అడుగుతుంటాడు. నేను ఈ రోజు పిల్లలకు ఈత నేర్పి బతుకుతున్నానంటే ఆ మనిషి వల్లే. అనంతపురం జిల్లాలో ఈత నేర్పి బతకడమేమిటని మీకు నవ్వు రావచ్చు. మొదట్లో మా ఆవిడ కూడా అదే అంది.

రంగయ్యశెట్టికి కళ్యాణదుర్గంలో వేరుశెనగ కాయలు ఒలిచే మిల్లు ఉండేది. నేను అందులో గుమస్తాని. డిగ్రీ చదివి, పరీక్షలు రాసి రాసి అలసిపోయి, చివరికి ఆ కుర్చీలో కూర్చున్నాను. కాయల బస్తాలు ఎన్ని లోపలికి వచ్చాయో, పప్పు బస్తాలు ఎన్ని బయటికి పోయాయో రాసుకోవడం నా పని. పనిలో కష్టం లేదు, సుఖమూ లేదు. పొద్దున మిషన్ మొదలైతే సాయంత్రం దాకా చెవుల్లో అదే మోత. ఇంటికి వెళ్లాక మా ఆవిడ లక్ష్మీదేవి మాట్లాడుతుంటే "ఏందీ?" అని మళ్లీ అడిగేవాణ్ణి. సగం మోత వల్ల అడిగేవాణ్ణి, సగం తప్పించుకోవడానికి.

శెట్టి చెడ్డవాడు కాదు గాని, ఆయన నోటి నుంచి "సరే" అన్న మాట రావడం మా ఊళ్లో వాన పడటంలాంటిది. లీవు అడిగితే "ఎవరు సచ్చినారు?" అనేవాడు. ఎవరూ చావలేదంటే "రేపు చూద్దాంలేప్పా" అనేవాడు. కొత్త ఫ్యాను అడిగినా అదే, కుర్చీకి విరిగిన కాలు బాగు చేయించమన్నా అదే. వద్దనడంలో ఆయనకు ఒక ఆనందం ఉండేది. వక్కాకు బుగ్గన పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని, ఎదుటివాడి కోరిక మొత్తం ఓపికగా విని, ఆ తర్వాత వద్దనేవాడు.

అట్లా ఉండగా ఒక ఏడాది వానలు ఎవరూ అడగనంతగా పడ్డాయి. ఎన్నో ఏళ్లుగా పిల్లలు క్రికెట్ ఆడుకున్న చెరువు నిండి, మరువ మీదుగా నీళ్లు పొర్లి పారాయి. మా ప్రాంతంలో చెరువు నిండితే జాతరే. ఊరంతా చిత్రాన్నం మూటలు కట్టుకుని కట్ట మీదికి పోయింది. నీళ్లను చూసి చెంపలు వేసుకునేవాళ్లు, సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసేవాళ్లు, ఊరికే నిలబడి ఏడ్చేవాళ్లు. గంగమ్మకు చీర, రవిక, పసుపు కుంకుమలు సమర్పించే పెద్దరికం శెట్టి మీద పడింది. ఆయన పళ్లెంలో చీర పెట్టి, దాని మీద టెంకాయ పెట్టి, భక్తిగా గట్టు దిగి, నాచు పట్టిన బండ మీద కాలు పెట్టాడు. మరుక్షణం పళ్లెంతో సహా చెరువులో ఉన్నాడు.

ఇంకొకడైతే పళ్లెం వదిలి చేతులాడించేవాడు. శెట్టి వదల్లేదు. రెండు చేతులతో పళ్లెం నెత్తికెత్తుకుని నిలువునా మునుగుతున్నాడు. కట్ట మీద అంతమంది ఉన్నారు గాని దిగేవాళ్లు ఒక్కరూ లేరు. ఈత ఎవరికి వస్తుంది, నీళ్లెప్పుడు చూశారు గనక? నాకు మాత్రం వచ్చు. చిన్నప్పుడు కంబదూరు దగ్గర మా జేజినాయన, అంటే మా తాత, నడుముకు ఎండు సొరబుర్రలు కట్టి, నన్ను దిగుడు బావిలోకి తోసి నేర్పించాడు. చొక్కా కూడా విప్పకుండా దూకాను.

"పళ్లెం ఇడవండి సావుకారూ," అని అరిచాను.

నీళ్లలోంచి మూతి పైకి వచ్చింది. "హారతి కాలేదప్పా," అని మళ్లీ లోపలికి పోయింది.

చివరికి పళ్లెంతో సహా ఆయన్ను ఒడ్డుకు లాగాను. పూజారి ఆ పరిస్థితిలోనే హారతి ఇచ్చేశాడు. శెట్టి కుడితిలో పడ్డ ఎలుకలా కూర్చుని, ముందు మొలతాడుకున్న మిల్లు తాళాలు తడుముకున్నాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత కన్నా అవమానం ఎక్కువ.

వారం తిరగకముందే ఆదివారం నన్ను మిల్లుకు పిలిపించాడు. కూలీలు ఎవరూ లేరు. గొంతు తగ్గించి, "ఓబులేసూ, నాకు ఈత నేర్పల్ల. నీళ్లలో వద్దు, జనం చూస్తారు," అన్నాడు. నీళ్లు లేకుండా ఈత ఎట్లా అని అడిగితే, మిల్లు వెనక పొట్టు గుట్ట చూపించాడు. "మెత్తగా ఉండాది, మునిగేది ల్యా. ముందు ఈడ నేర్చుకుంటే ఆడ భయం ఉండదు." వ్యాపారస్తుడి బుద్ధి, సరుకు చూడకుండా బేరానికి దిగడు. ఆలోచిస్తే అందులో అర్థం ఉందనిపించింది.

అట్లా మా ఈత పాఠాలు మొదలయ్యాయి. పొట్టులో చేతులు ముందుకు చాపి వెనక్కి లాగాలి, కాళ్లు తన్నాలి, తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవాలి. ఊపిరితో పాటు దుమ్ము పోయి, ఒక్కొక్క చేతి వేటుకు శెట్టి ఒక్కొక్క తుమ్ము తుమ్మేవాడు. ఒళ్లంతా దురద. అయినా మానలేదు. ఒక రోజు పాఠం మధ్యలో, మరిచిపోయిన టిఫిన్ క్యారియర్ కోసం మిల్లు ఆడకూలీలు వెనక్కి వచ్చారు. సావుకారు పొట్టులో ఈదుతున్నాడు. వాళ్లు బిత్తరపోయి నిలబడ్డారు.

"ఉంగరం పడిపోయిందమ్మా," అన్నాడు శెట్టి, తల ఎత్తకుండానే.

పాపం మంచి మనుషులు. కొంగులు దోపుకుని వాళ్లూ గుట్ట ఎక్కారు. మధ్యాహ్నమంతా గుట్టను అటు నుంచి ఇటు తోడారు. ఎండలో వాళ్ల అవస్థ చూడలేక, శెట్టి పంచె చాటున తన వేలి ఉంగరం తీసి పొట్టులో వేశాడు. ఇక అది నిజంగానే దొరకలేదు. మరో రెండు గంటలు ఆయన కూడా వాళ్లతో కలిసి మనస్ఫూర్తిగా వెతికాడు.

తర్వాత మా జేజినాయన బావికి తీసుకుపోయాను. అది కూడా ఆ ఏడాది నిండింది. సొరబుర్రలు ఆయన ఛాతీకి కట్టాను గాని, కడుపు గుండ్రంగా ఉండటంతో అవి జారి నడుము కిందికి పోయాయి. కాళ్లు పైకి, తల కిందికి. పైకి లాగితే దగ్గి దగ్గి, "గంగమ్మకు నా మొకం మీద కోపం పోయినట్టు ల్యా," అన్నాడు. ఎన్నో ఆదివారాలు పట్టింది. ఒక ఉదయం బుర్రలు లేకుండా వెల్లకిలా తేలాడు. ఆకాశం చూస్తూ అట్లాగే ఉండిపోయాడు. గట్టెక్కి కూర్చుని, తల తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. తర్వాత, "మిల్లు గుర్తుకు రాలేదప్పా. అంతసేపూ ఒక్కసారి కూడా రాలేదు. భయమేసింది," అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే నాకు మిల్లులో కూర్చుంటే బావి తప్ప ఇంకేమీ గుర్తుకొచ్చేది కాదు. అప్పటికే సంగతి పాకి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆదివారాలు పిల్లల్ని తెచ్చి బావి గట్టున దించేవాళ్లు. ఆ ఏడాదే పక్క మండలంలో ఒక కుంటలో పిల్లలు మునిగిపోయారు. మాది నీళ్ల కోసం మొక్కే దేశం గాని, నీళ్లతో అలవాటు లేని దేశం. నీళ్లు రాకపోతే పంట పోతుంది, వస్తే పిల్లలు పోతారు. ఒక్కొక్క పిల్లవాడు బుర్రలు విప్పేసి బావి దాటుతుంటే, ఇన్నేళ్లూ బస్తాలు రాసుకున్న చేతులతో నేను చేసిన మొదటి పని ఇదేననిపించేది.

అనంతపురంలో ఒక ప్రైవేటు బడివాళ్లు ఈత కొలను కట్టించి, నేర్పడానికి రమ్మన్నారు. వారంలో మూడు రోజులు అక్కడ, మిగిలిన రోజులు ఊళ్లు తిరిగి నేర్పుకోవచ్చు. మిల్లు మానేయాలి. లక్ష్మీదేవికి చెప్తే చేతిలో చేట కింద పెట్టి, "ఈ జిల్లాలో ఈత నేర్పేదానికంటే సముద్రం కాడ ఉప్పు అమ్ముకునేది మేలు. మల్లా ఏడాదికి వాన ల్యాకపోతే ఏం చేస్తావు?" అంది.  శెట్టిని అడిగాను. "రేపు చూద్దాంలే," అన్నాడు. ఇంటికి పోయి, మొహం వేలాడేసుకుని, "సావుకారు ఒప్పుకోలేదు," అన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

బడివాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా శెట్టిని అడిగేవాణ్ణి, ఆయన వద్దనేవాడు, నేను బాధగా మొహం పెట్టి వచ్చేవాణ్ణి. నేను గోడ మీద పిల్లిని, ఆ గోడ శెట్టి. కొన్నాళ్లకు బడివాళ్లకు విసుగొచ్చి, సోమవారానికల్లా తేల్చమన్నారు. వెళ్లి అదే మాట చెప్పాను. ఆయన వక్కాకు ఉమ్మేసి వచ్చి, నా ఎదురుగా బస్తా మీద కూర్చున్నాడు.

"ఓబులేసూ, మీ బామ్మర్ది పెండ్లికి లీవు ఇయ్యనంటి. అయినా పోతివా లేదా?"

"పోయినా సావుకారూ."

"జరమని చెప్పి తిరుపతికి పోతివి. గుండు కొట్టించుకుని వస్తివి. నేనేమన్నా అంటినా?"

"లేదు."

"మరి దీనికి మాత్రం నేనెందుకప్పా ఒప్పుకోవల్ల?"

 ఆయన కోపంగా లేడు. బావి గట్టున కూర్చున్న రోజులాగా ఉన్నాడు.

"నేను వద్దంటానని నీకు తెలుసు. తెలిసే అడుగుతాండావు. నేను వద్దంటే నీకు సుఖం. ఇంటికి పోయి, శెట్టి పోనీల్యా అని చెప్పి, ఇంత సంగటి తిని పండుకోవచ్చు. ఇంగ మీదట నేను వద్దనను. పో అని కూడా అనను. నన్ను ఇడిసిపెట్టు."

అన్నంత పనీ చేశాడు. ఆ రెండు మూడు రోజులు నేను ఆ మనిషి నోట ఒక్క 'వద్దు' పలికించడానికి పడిన పాట్లు ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. "సీజన్‌లో మనిషి లేకపోతే మీకు ఇబ్బంది గదా?" అన్నాను. "ఇబ్బందే," అన్నాడు. "మరి?" అన్నాను. "నా ఇబ్బంది నేను పడతా, నీది నువ్వు చూసుకో," అని మిషన్ దగ్గరికి పోయాడు. గోడ తీసేస్తే పిల్లి ఎక్కడుంటుంది? అప్పుడు గాని నాకు తెలియలేదు, నన్ను ఆ కుర్చీకి కట్టేసింది శెట్టి కాదని. భయం. వాన రాదేమోనని, జనం నవ్వుతారని, నలభై దాటాక కొత్తగా ఓడిపోతానని.

ఆదివారం సాయంత్రం లక్ష్మీదేవితో మొదటిసారి నిజం చెప్పాను. "సావుకారుదేం లేదు. నాకే భయంగా ఉండాది," అన్నాను. తిడుతుందనుకున్నాను.  "ఆ మాట ముందే చెప్పొచ్చు గదా. ఆయప్పను ఊరికే తిట్టుకుంటి ఇన్నాళ్లు," అంది. తర్వాత, "పో. కుదరకపోతే ఈ ఊర్లో మిల్లులు ఇంగా ఉండాయిలే," అంది. సోమవారం పొద్దునే బడివాళ్లకు ఫోన్ చేసి వస్తానని చెప్పాను.

నేను మానేశాక శెట్టి నన్ను ఊరంతా తిట్టాడు. అన్నం పెట్టిన చేతిని మరిచిన విశ్వాసఘాతకుణ్ణని బజారులో అందరికీ చెప్పేవాడు. అదే నోటితో, "మీ పిల్లోల్లని వాని దగ్గరికి పంపండి, బాగా నేర్పుతాడు," అనేవాడు. లక్ష్మీదేవి భయపడినట్టే తర్వాత వానలు మొహం చాటేశాయి, బావులు అడుగంటాయి. ఏం చేయాలో తోచక కూర్చుంటే, శెట్టి కబురు పంపాడు. మిల్లు వెనక పొట్టు గుట్ట కొత్తగా పోయించి ఉంది. ఎండాకాలమంతా చుట్టుపక్కల పిల్లలకు దాని మీదే మొదటి పాఠాలు చెప్పాను. చెయ్యి ఎట్లా వేయాలో శెట్టే ముందు పడుకుని చూపించేవాడు. తుమ్ములు కూడా పాఠంలో భాగమేనని పిల్లలు అనుకున్నారు.

పోయిన ఏడాది ఆయన నిద్రలోనే పోయాడు. మంచి చావంటారు. నాకు మాత్రం ఇంకా ఒప్పుకోబుద్ధి కాదు.

ఈ నెల మొదట్లో ఒక ఊరి నుంచి కొందరు ఆడవాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఉపాధి పనిలో వాళ్లే తవ్విన కుంటలు మొన్నటి వానకు నిండాయట. "మేము తవ్వినవే నాయనా. గొర్రెపిల్ల పడితే ఒక్కరమూ దిగల్యాకపోతిమి. మాకు నేర్పుతావా?" అని వాళ్లలో పెద్దావిడ అడిగింది. చీరలతో ఎట్లా నేర్పాలి? ఊళ్లో మగవాళ్లు ఏమంటారు? ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత? 'రేపు చూద్దాం' అన్న మాట నా నోటి దాకా వచ్చింది. చెయ్యి జేబులో ఫోన్ మీదికి పోయింది, ఎవరినైనా ఒక మాట అడుగుదామని. అడగడానికి ఎవరూ లేరు. వద్దని చెప్పి నా భయాన్ని తన నెత్తిన పెట్టుకునే మనిషి ఇక లేడు. బతికుండగానే దాన్ని నాకు అప్పగించి పోయాడు. నేను జేబులోంచి చెయ్యి తీసి, "రేపు పొద్దున్నే వస్తా, కుంట కాడ ఉండండి," అన్నాను.