సుక్కకి తెలిసిన ఒక్క దారి

శ్రీకాకుళం వెళ్ళాలంటే రైలు దిగాల్సింది ఆమదాలవలసలో. ఊరొకచోట, స్టేషనొకచోట! అలా కట్టిన పుణ్యాత్ముడెవరో గానీ, ఆయన దయవల్లే జట్కావాళ్ళ పొయ్యిలు వెలిగాయి. దిగినవాడు పట్నంలో హోటలు చేరాలంటే జట్కా ఎక్కాలి. బస్సు లేదా అంటారా, ఉంది; ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు.

అప్పలసూరి ఆ స్టేషను ముందు జట్కా తోలుతూనే తల నెరిసినవాడు. అతని ఆడగుర్రానికి నుదుట తెల్లమచ్చ ఉంది, అందుకని సుక్క అని పేరు. దాన్ని ఏనాడూ ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. కొరడా కర్ర ఉన్నది తిరిగే చక్రానికి ఆనించి టకటకలాడించడానికే. పగ్గాలు వదిలేసి చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నా అది నేరుగా పోయి జగన్నాధం గారి హోటలు ముందు ఆగేది. ఆగదూ మరి! ఆ గోడవార సిమెంటు కుండీ ఉంది, వంటింట్లో వార్చిన గంజంతా అందులో పోస్తారు. మనిషిని తెచ్చిన గుర్రానికి గంజి పెట్టడం జగన్నాధం గారి తండ్రి నాటి మర్యాద. గంజి తాగితే గానీ సుక్క అక్కణ్ణుంచి కదలదు.

"నా సుక్కకి దారి సెప్పక్కర్లేదు బాబూ," అని ఎక్కినవాడికల్లా గొప్పలు చెప్పేవాడు. పాపం, ఆ గొప్పే అతని కొంప ముంచింది.

ఆ ఏడు జగన్నాధం గారు వ్యాను కొన్నారు. రైలు రాగానే డ్రైవరు కొండబాబు మెట్ల దగ్గర నిలబడి, "హోటలు బండి! డబ్బుల్లేవు, ఉత్తినే!" అని కేకలు పెట్టేవాడు. ఉత్తినే అంటే ఎవరు మానుతారు? తోటి జట్కావాళ్ళలో నూకయ్య గుర్రాన్ని అమ్మేసి రిక్షా పట్టాడు. లక్ష్ముడు కూలిపనికి ఖరగ్‌పూర్ రైలెక్కాడు. అప్పలసూరి మాత్రం వదల్లేదు. స్టేషను చుట్టుపక్కలే బండి మీద బస్తాలూ తట్టలూ మోస్తూ, పట్నం మొహం చూడకుండా రోజులు నెట్టుకొచ్చాడు.

"మనకే గంజి లేదు, దానికి ఉలవలెక్కణ్ణుంచి తెస్తావు మావా? సంతకి తోలీ," అంది పెళ్ళాం దాలమ్మ.

"నౌపడ బాబున్నంతకాలం దాన్నమ్మను. ఆ బాబు మోటారెక్కరే! ఆ వాసనకే కక్కుకుంటారు."

నౌపడ బాబంటే ఆ ఊళ్ళో ఉప్పుమళ్ళున్న గణపతిరావు గారు. ఆ మళ్ళ మీద కోర్టు వ్యాజ్యం కోసం వాయిదా వాయిదాకీ వస్తారు, ఎప్పుడొచ్చినా అప్పలసూరి బండే. రాబోయే వాయిదా కోసం మొగుడూ పెళ్ళాలు దేవుడికి మొక్కినట్టు ఎదురుచూశారు.

వాయిదా రోజు రానే వచ్చింది. రైలు మాత్రం ఆలస్యంగా వచ్చింది. గణపతిరావు గారు దిగారు, వ్యాను చూసి ముక్కుకి కండువా అడ్డం పెట్టుకున్నారు, తిన్నగా వచ్చి జట్కా ఎక్కారు. అప్పలసూరికి ఏనుగెక్కినంత సంబరం! కొండబాబుకి వినబడేలా, "ముందుకి జరగండి బాబూ, బరువు సరిపోవాల," అని అరిచాడు.

"ఒరే సూరీ, హోటలు మాట తరవాత. ముందు కోర్టుకి పోనియ్. తీర్పు ఇయ్యాలే. పేరు పిలిచేవేళకి నేను లేకపోతే నా మళ్ళు పోయినట్టే."

"రెండు గుక్కలు గంజి తాగిందంటే గాలే బాబూ మన సుక్క!"

కోర్టుకి పోవాలన్నా హోటలు ముందునుంచే పోవాలి. పాపం సుక్క ఎండలో నురగలు కక్కుతూ పరిగెత్తింది, గోడవార ఆగింది, తల వంచింది. అక్కడ కుండీ లేదు. కుండీ పగలగొట్టి వ్యానుకి షెడ్డు కట్టేశారు. ఆ సంగతి సుక్కకీ తెలియదు, సూరికీ తెలియదు.

అప్పలసూరి వంటింటి గుమ్మంలోకి పరిగెత్తాడు. వంటమనిషి జగ్గమ్మ తల దించుకుంది. "గంజిప్పుడు అయ్యగారి గేదెలకే పోతంది సూరీ. ఇయ్యాల్టిది ఎల్లిపోనాది."

నీళ్ళు తెచ్చి సుక్క ముందు పెట్టాడు. మూతి ముంచి తీసేసింది. నాలిక చప్పరించాడు, చక్రం టకటకలాడించాడు, దాని కాళ్ళట్టుకున్నాడు. ఊహూఁ. అది షెడ్డు వంకే చూస్తూ నిలబడింది.

"ఒరే, వేళైపోతోందిరా!" గణపతిరావు గారి గొంతులో ఏడుపొకటే తక్కువ.

అప్పుడు కొట్టాడు అప్పలసూరి. బతుకులో మొదటిసారి. సుక్క ఒళ్ళంతా వణికింది గానీ కాలు తియ్యలేదు. ఎందుకు కొడుతున్నాడో దానికేం తెలుసు? మెడ తిప్పి అతని వంక చూసింది. మళ్ళీ కొట్టాడు. కొడుతూ తనే ఏడ్చాడు.

ఇంతలో రైలు జనాన్ని హోటలు మెట్ల దగ్గర దించి, వ్యాను పక్కనే ఆగింది. గణపతిరావు గారు ఒక్క క్షణం అటూ ఇటూ చూశారు. "నేనేం చెయ్యను సూరీ," అన్నారు. కండువా ముక్కుకి బిగించి వ్యానెక్కేశారు.

ఆయన పోయాక జగ్గమ్మ తన అన్నంలోకి దాచుకున్న గంజి చెంబుతో తెచ్చి పోసింది. సుక్క గడగడా తాగింది. తాగీ తాగగానే, ఎవరూ అదిలించకుండానే, బండి తిప్పుకుని స్టేషను వైపు బయల్దేరింది! అప్పలసూరి గెంతి పగ్గం లాగి కోర్టుకి తోలాడు. తెచ్చినవాడే తిరిగి తీసుకెళ్ళాలన్నది జట్కావాళ్ళ కట్టుబాటు. ఆ ఆశతోనే మధ్యాహ్నందాకా గేటు ముందు కాచుకున్నాడు.

గణపతిరావు గారు నవ్వుకుంటూ వచ్చారు. మళ్ళు దక్కాయి. అప్పలసూరి సీటు దులిపాడు.

"ఒరే సూరీ, వింత విను! నాకు వాంతే అవలేదురా! ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడ్డాను." ఆ మాటలో కల్మషం లేదు. సంతోషం పట్టలేక, తెలిసినవాడికి చెప్పుకున్నారంతే. గేటు పక్కన ఆగిన వ్యానులోంచి కొండబాబు హారన్ కొట్టాడు, ఆయన వెళ్ళిపోయారు.

ఇంటి ముందు బండి విప్పుతుంటే దాలమ్మ వచ్చింది.

"బాబొచ్చేరా?"

"వచ్చేరు."

"ఎక్కేరా?"

"ఎక్కేరు. దిగిపోనారు. మోటారు ఒంటికి పడిందంట ఆరికి."

దాలమ్మ సుక్క వీపు మీద తేలిన వాతలు చూసింది. చూసి లోపలికెళ్ళి, నూనె గిన్నె తెచ్చి వాటికి రాయడం మొదలెట్టింది.

"రేపు సంతకి తోలుకెల్తాను," అన్నాడు అప్పలసూరి.

"నువ్వు పగ్గాలొదిలేసి కూకోకు మావా," అంది దాలమ్మ, చెయ్యి ఆపకుండా. "సంతకి దారి దానికి తెల్దు. దిగి దాని ముందు నువ్వే నడవాల."